నాన్నకు మిగిలిన మాట

మా నాన్న ఇంగ్లీషు మాస్టారు. ఆ భాషలో పెద్ద పెద్ద మాటలు ఎవరైనా బట్టీ పట్టేయొచ్చు, చిన్న మాటల దగ్గరే పరువు పోతుందని ఆయన నమ్మకం. వాటిలోనూ "ఆన్" అంటే మహా ఇష్టం. "పుస్తకం బల్ల మీద ఉంది, ఆన్. బాగుంది. మరి పైకప్పును పట్టుకున్న ఈగ? మీద ఉందా, కింద ఉందా?" అని అడిగేవాడు. పిల్లలు బుర్ర గోక్కుంటుంటే, "అదీ ఆనే! పటం గోడకుంది, ఉంగరం వేలికుంది, అన్నీ ఆనే. మనం 'మీద' అనో, 'కి' అనో నానా తంటాలు పడతాం, ఇంగ్లీషువాళ్లు ఒక్కదాంతో సరిపెట్టేశారు" అని మురిసిపోయేవాడు.

అమ్మకు ఇంగ్లీషు రాదు. నేర్పబోతే, "మీ ఇంగ్లీషు మీ దగ్గరే ఉంచుకోండి, నాకు బోలెడు పనుంది" అని తప్పించుకునేది.

నేను కాలేజీ చివరి ఏడాదిలో ఉండగా, ఒక ఉదయం గడ్డం గీసుకుంటూ నాన్న అద్దం ముందు కుప్పకూలిపోయాడు. మెదడులో రక్తనాళం మూసుకుపోయిందన్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికి కుడి చెయ్యి పడిపోయింది, మాటా పడిపోయింది. మేం చెప్పేదంతా అర్థమయ్యేది. బదులివ్వబోతే మాత్రం నోట్లోంచి ఒకే ఒక్క మాట వచ్చేది.

"ఆన్."

ఈ జబ్బులో కొందరికి ఏదో ఒక్క మాట అలా మిగిలిపోతుందని, అదే ఎందుకు మిగులుతుందో చెప్పలేమని డాక్టరమ్మ అంది. "ఆయన ఇంకేదో చెప్పబోతారు, నోటికి అదొక్కటే వస్తుంది. మాటను వదిలేసి మనిషిని చూడండి."

నేను మాటనే పట్టుకుని వేలాడాను. "ఆన్" అనగానే ఫ్యాను వేసేదాన్ని. తల అడ్డంగా ఊపితే లైటు వేసేదాన్ని, రేడియో పెట్టేదాన్ని. ఇంట్లో స్విచ్చులన్నీ అయిపోయాక ఆయన నేర్పిన మిగతా అర్థాల మీద, పుట్ ఆన్, గెట్ ఆన్, గో ఆన్‌ల మీద పడేదాన్ని. "చొక్కా తొడగనా నాన్నా? మంచం ఎక్కిస్తే పడుకుంటావా? పేపరు చదవడం కొనసాగించనా?" నాన్న విసిగిపోయి కళ్లు మూసుకునేవాడు. నాకు ఏడుపొచ్చేది.

ఒక సాయంత్రం కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని మళ్లీ "ఆన్, ఆన్" అన్నాడు. నేను స్విచ్చు వైపు పరిగెత్తాను. అమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఆగవే. ఆయన ఆనుకుంటానంటున్నారు."

"అది తెలుగు కాదమ్మా, ఇంగ్లీషు."

"ఏ భాషైతేనేం, మనిషి ఒరిగిపోతున్నారు చూడు!"

నిజమే. నాన్న ఒక పక్కకు జారిపోతున్నాడు. అమ్మ స్టూలు లాక్కుని కూర్చుని భుజం అడ్డుపెట్టింది. నాన్న తల ఆనించి, బరువంతా దించేసినట్టు ఊపిరి వదిలాడు. తర్వాత సగం మొహంతోనే నవ్వాడు. జబ్బు చేశాక అదే మొదటి నవ్వు.

అప్పటినుంచి అమ్మ తన పద్ధతిలో తాను అర్థాలు చెప్పుకుంటూ పోయింది. పేపరు దూరంగా పట్టుకుని "ఆన్" అంటే, "అక్షరాలు కంటికి ఆనడం లేదా?" అని కళ్లజోడు తెచ్చేది. సాగదీసి అంటే విసుగు. గొంతు తగ్గించి అంటే నొప్పి. పక్కింటావిడ వచ్చి ఎంతకీ కదలకపోతే ఒక రకం పొడి "ఆన్" ఉండేది. అది వినగానే అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయేది.

"మాస్టారు ఏమంటున్నారమ్మాయ్?" అని ఆవిడ అడిగేది.

"ఇంకాసేపు కూర్చోమంటున్నారు పిన్నిగారూ."

నాన్న నా వైపు గుడ్లురిమి చూసేవాడు.

రోజూ పొద్దున్నే అమ్మ ఆయన ఎదురుగా కూర్చుని, డాక్టరమ్మ చెప్పినట్టు, వస్తువులు చూపించి పేర్లడిగేది. గ్లాసు. ఆన్. తువ్వాలు. ఆన్. తాళంచెవి. ఆన్. ఇద్దరూ అలిసిపోయి ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన మొదలైంది. పెరట్లో బట్టలు ఆరేసి ఉన్నాయి. కిటికీలోంచి నాన్న చూశాడు. వంటింట్లో ఉన్న అమ్మకు తెలీదు.

"ఇదిగో!"

పెళ్లైన నాటి నుంచి నాన్న అమ్మను పిలిచింది ఆ పిలుపుతోనే. అమ్మ చేతిలో గరిటెతోనే వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏంటండీ? ఏదీ, మళ్లీ పిలవండి."

నాన్న "ఆన్" అన్నాడు. ఎడం చేత్తో నుదురు కొట్టుకున్నాడు. పెదాలు బిగించి, వదిలి, "ఇది... గో" అన్నాడు. అమ్మ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. బయట బట్టలు తడిసి ముద్దయ్యాయి. ఎవరం తేలేదు.

ఆ తర్వాత మాటలు ఒకటీ అరా రావడం మొదలైంది. నీళ్లు, చాలు, వద్దు. ముందు తెలుగువి, చాలా ఆలస్యంగా ఇంగ్లీషువి. నాన్న మళ్లీ బడికైతే వెళ్లలేకపోయాడు. ఒక వాక్యం ఒడ్డుకు చేరాలంటే చాలాసేపు పట్టేది. అమ్మ తొందరపెట్టేది కాదు, నన్ను మాట అందించనిచ్చేదీ కాదు. నా పెళ్లిలో నాన్న వియ్యంకుడితో రాజకీయాల మీద వాదనకు దిగి, ఆయన చేత ఔననిపించాడు కూడా.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. మొన్న టీ తాగుతూ అడిగాను.

"ఆ రోజులు తలుచుకుంటే భయమెయ్యదా అమ్మా?"

"భయమెందుకే? అంతకుముందు మీ నాన్న గంటలు గంటలు మాట్లాడేవారు. నేను పన్లో పడి సగం వినేదాన్ని కాదు. ఆ ఏడాది మాత్రం ఒక్కటీ పోనివ్వలేదు."

 టీ చల్లారిపోతోందంటూ అమ్మ నా కప్పు నా ముందుకు తోసింది.