ఆఖరుగా చదివేవాడు

బండి బయల్దేరే ముందు వగీహ్ చంకలోని పుస్తకాన్ని ఇంకాస్త లోపలికి నొక్కుకొని, రమ్ల్ స్టేషన్ ప్లాట్‌ఫారం వైపు తిరిగి అరిచాడు. "ఇంకెవరైనా ఉన్నారా?" ఎవరూ పలకలేదు. ఈల ఊదాడు. ట్రాము కీచుమంటూ కదిలింది.

పొట్టి మనిషి. మెడ పెట్టడం మరిచిపోయినట్టు తల నేరుగా భుజాల మీదే కూర్చుని ఉంటుంది. నీలం చొక్కా చంకల్లో చెమట ఉప్పు చారలు కట్టింది. టికెట్లు చించి చించి కుడి బొటనవేలు మొద్దుబారింది. కళ్ళద్దాల కాడ విరిగితే నల్లదారం చుట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా ఈ పట్టాల మీదే తిరుగుతున్నవాడు అలెగ్జాండ్రియాలో సగం మందిని మోసే ఉంటాడు. ఆ సగం మందిలో ఒక్కరైనా అతని మొహం చూసి ఉండరు. ఫోనులో తల దూర్చి చెయ్యి మాత్రం చాపుతారు. చేతికి టికెట్టు కావాలి, అంతే. అందుకు అతనికి ఒళ్ళు మండేది. మండదా మరి?

"మొహం ఇటు తిప్పితే అరిగిపోతావా, బాబూ?" అన్నాడు సూటు వేసుకున్న ఒకాయనతో.

ఆయన తిప్పలేదు. టికెట్టు మాత్రం జేబులో పెట్టుకున్నాడు.

చంకలో ఉన్నది బహ్రావీ ఆఖరి నవల. బహ్రావీ మూడు లోకాలు కట్టాడు. ఉప్పు రేవుల లోకం, లోతు బావుల లోకం, గాజు కొండల లోకం. మూడు వరుసలుగా, అరచేతిలో పట్టే చిన్న పుస్తకాలుగా ఏళ్ళ తరబడి వచ్చాయి. మూడూ ఒకే ఇంటి గదులని మొదట పసిగట్టింది పాఠకులే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తలుపు ఎక్కడుందో తేలక అప్పటినుంచీ ఒకళ్ళనొకళ్ళు పీక్కుతింటున్నారు. ఈ పుస్తకంతో అంతా తేల్చేస్తానని, ఆ తర్వాత కలం మూసేస్తానని బహ్రావీ ప్రకటించాడు.

వగీహ్‌కు తలుపు ఎప్పుడో దొరికింది. ఉప్పు రేవుల కథల్లో ఒక పడవవాడు ఉంటాడు. లోతు బావుల్లోకి మనుషుల్ని బుట్టలో దించే గిలకవాడు ఒకడు. గాజు కొండలెక్కే కంచరగాడిద బండివాడు ఇంకొకడు. ఒక్కొక్కడికీ పుస్తకానికి ఒక వాక్యం దక్కితే గొప్ప. ముగ్గురూ కదిలే ముందు ఒకటే అడుగుతారు, ఇంకెవరైనా ఉన్నారా అని. ముగ్గురూ ఒక్కడేనని, మూడు లోకాలకూ తలుపు అతనేనని వగీహ్ సిద్ధాంతం. మొహం ఎవరూ చూడరు గనక ఎవరూ గుర్తుపట్టలేదు. ఇరవై ఏళ్ళుగా ఈ మాటకు నవ్వులపాలవుతున్నాడు.

సీదీ గాబిర్ స్టాపులో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఎక్కారు. ఒకామె చేతిలో అదే పుస్తకం, చివరి పేజీలకు తెరిచి ఉంది.

"చివర్లో ఏమవుతుందో చెప్పనా?" అంది ఆమె స్నేహితురాలితో.

వగీహ్ మెరుపులా తిరిగాడు. "నోర్మూసుకో! ఆ పుస్తకం గురించి నా బండిలో ఒక్క మాట వినపడిందా, ఇద్దర్నీ దించేస్తా."

"అదేంటి మామయ్యా? టికెట్టు కొన్నాంగా!"

"కూర్చోడానికి కొన్నావు. కథ చెప్పడానికి కాదు. దిగాక చెప్పుకో, పొద్దు పోయేదాకా చెప్పుకో!"

బండిలో అందరూ తలలెత్తి అతని మొహం చూశారు. ఆ అమ్మాయి బిక్కచచ్చిపోయి పుస్తకం మూసింది. పాపం, ఆ పిల్ల తప్పేం లేదు. ఆ సంగతి వగీహ్‌కూ తెలుసు. తెలిసినా కోపం దిగలేదు.

ఆఖరి స్టాపు విక్టోరియాలో బండి తిరగడానికి కాసేపు పడుతుంది. ఫూల్, అదే ఉడికించి మెదిపిన చిక్కుడు గింజలు, పెట్టిన రొట్టె ఒక చేత్తో తింటూ మెట్టు మీద కూర్చుని చదివాడు. ప్రతి పేజీ రెండుసార్లు చదువుతాడు, ఒకసారి కథ కోసం, ఒకసారి పడవవాడి కోసం. మిగిలినవి వేలెడు మందం కూడా లేవు. ఇంతవరకూ పడవవాడి జాడ లేదు. అసలు రాకపోతే? రొట్టె పక్కన పెట్టేశాడు. రాకపోతే ఇరవై ఏళ్ళు తను ట్రాములో కూర్చుని తన బొమ్మే గీసుకున్నట్టు. ఆ మాట ముందు టీకొట్టు నేస్తం ఇస్మతే అంటాడు. ఎలా అంటాడో కూడా వగీహ్‌కు తెలుసు.

డ్యూటీ దిగాక ఇబ్రహీమియాలో టీకొట్టుకు వెళ్ళాడు. గురువారం సాయంత్రాలు నలుగురూ అక్కడే. అందరూ డాక్టరుగారని పిలిచే మందుల షాపు ఇస్మత్, బడిలో లెక్కలు చెప్పే లమ్యా, ఫోన్లు బాగుచేసే బిషోయ్, వగీహ్. వాళ్ళకు రెండు నియమాలు. కొత్త పుస్తకం వస్తే, ఆఖరుగా చదివేవాడు ముగించేదాకా ఎవరూ దాని గురించి పెదవి విప్పకూడదు. ఆ ఆఖరివాడు ఎప్పుడూ వగీహే. రెండోది, వాదంలో ఓడినవాడు ఓడానని చెప్పక్కర్లేదు, టీ గ్లాసు సాసరులో బోర్లిస్తే చాలు. వగీహ్ మాటకు ఇస్మత్ ఇంతవరకూ గ్లాసు బోర్లించలేదు. అతని లెక్కలో తలుపు ఆ కథల్లోని రాణిగారి విషం సీసా.

"అయిందా?" అన్నాడు ఇస్మత్, వగీహ్ కూర్చోకముందే.

"కాలేదు."

"ఇంకా కాలేదా? మూడు వారాలైంది కదరా!"

"అన్న చదవడం కూడా ట్రాము నడిపినట్టే డాక్టరుగారూ," అని బిషోయ్ నవ్వాడు. "పేజీ పేజీకీ ఆగాలి, ఇంకెవరైనా ఉన్నారా అని అడగాలి."

మామూలుగా అయితే ఇక్కడ ఇస్మత్ అందుకొని, టికెట్లు చించేవాడికి అన్ని లోకాల్లోనూ టికెట్లు చించేవాళ్ళే కనిపిస్తారని వెక్కిరించాలి. మందులమ్మేవాడికి సీసాలు కనిపించినట్టు అని వగీహ్ తిప్పికొట్టాలి. ఇవాళ ఇస్మత్ ఏమీ అనలేదు. చెంచాతో గ్లాసు అంచును టకటకలాడిస్తూ వగీహ్ కళ్ళలోకి చూడకుండా కూర్చున్నాడు.  వెక్కిరించడం లేదంటే జాలి పడుతున్నాడన్నమాట. పడవవాడు లేడన్నమాట.

"ఏరా, నా మీద జాలా?" అన్నాడు.

"జాలా? నీ మీదా?" ఇస్మత్ చెంచా విసిరికొట్టాడు. "నోట్లో మాట పెట్టుకుని మూడు వారాల్నుంచీ చస్తున్నా! తొందరగా చదివి చావరా, నాయనా!"

"డాక్టరుగారూ!" లమ్యా గట్టిగా అంది. "ఇంకొక్క మాటంటే నియమం తప్పినట్టే."

వగీహ్ లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి. "పొద్దున్నుంచి రాత్రిదాకా పోనీ, పోనీ అనేవాళ్ళే. బండిలోనూ అంతే, ఇక్కడా అంతే. చదవను, పో! నెల పట్టనీ, ఏడాది పట్టనీ. అప్పటిదాకా నోరు కుట్టుకుని కూర్చో!"

సగం టీ వదిలేసి వెళ్ళిపోయాడు. వెనక నుంచి లమ్యా పిలిచినా ఆగలేదు.

విక్టోరియా వెళ్ళే ట్రాములో సబ్రీ కండక్టరు. చాలా ఏళ్ళు వగీహ్‌తో కలిసి పనిచేసినవాడు. టికెట్టు అక్కర్లేదని చెయ్యి ఊపాడు.

"చించు," అన్నాడు వగీహ్. "మొహం చూసి ఇవ్వు."

సబ్రీ నవ్వుతూ మొహం చూసి ఇచ్చాడు. మొహం బూడిదలా ఉందని ఆ తర్వాత అందరికీ చెప్పాడు గాని, అప్పుడు పట్టించుకోలేదు. వగీహ్ వెనక సీట్లో కూర్చుని, టికెట్టు పేజీల మధ్య పెట్టుకొని, ఎడమ భుజం రుద్దుకుంటూ కళ్ళద్దాలు సర్దుకున్నాడు. చదవనన్నవాడు మొదటి స్టాపు రాకముందే చదవడం మొదలుపెట్టాడు.

విక్టోరియాలో బండి ఖాళీ అయింది. సబ్రీ అలవాటుగా ముందునుంచి కేకేశాడు. "ఇంకెవరైనా ఉన్నారా?" జవాబు లేదు. వెనక్కి వచ్చి చూస్తే వగీహ్ కిటికీకి తల ఆనించి ఉన్నాడు. పుస్తకం, చదివిన చోట టికెట్టు పెట్టి, ఒళ్ళో మూసి ఉంది. సబ్రీ రెండుసార్లు పేరు పెట్టి పిలిచి, మూడోసారి చెయ్యి ముట్టుకున్నాడు.

ఖననమూ ఖురాన్ పఠనమూ పరామర్శల చేదుకాఫీలూ అయ్యాక, మళ్ళీ గురువారం నాడు సబ్రీ ఆ పుస్తకాన్ని టీకొట్టుకే తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. బిషోయ్ దాన్ని వగీహ్ కుర్చీలో పెట్టాడు. లమ్యా తీసుకొని టికెట్టున్న చోట తెరిచింది. ఆ పేజీ చూసింది, తర్వాతి పేజీ తిప్పింది, రెండు చేతులతో పుస్తకం మూసేసింది.

"ఒక్క పేజీ," అంది. పుస్తకాన్ని తిరిగి కుర్చీలో పెట్టి ఇస్మత్ వైపు తిరిగింది. "ఇంకొక్క పేజీ తిప్పితే తెలిసిపోయేది డాక్టరుగారూ! మీరు ఆ పూట అరవకపోతే ఇక్కడే కూర్చుని చదివేవాడు. ఇరవై ఏళ్ళు ఏడిపించారు, ఆఖరికి చావమని పంపారు!"

"నేననలేదన్నానా? అన్నాను!" ఇస్మత్ బల్ల గుద్దాడు. "అన్నాను, అన్నాను! ఏం చెయ్యమంటావు?" టీ తెచ్చినవాణ్ణి నీళ్ళలా ఉందని తిట్టాడు. ఆ టీ చిక్కగానే ఉంది.

బిషోయ్ మెల్లగా అడిగాడు. "మరిప్పుడు నియమం సంగతేంటి? అన్న పూర్తి చెయ్యలేదుగా. మనం మాట్లాడుకోవచ్చా?"

"పూర్తి చెయ్యలేదు," అన్నాడు ఇస్మత్. "కాబట్టి నోర్మూసుకో."

"ఎన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళైనా!"

 బయట ట్రాము వచ్చి ఆగింది, ఎవరో కండక్టరు అలవాటైన ఆ కేకే వేశాడు, ఈల ఊది వెళ్ళిపోయింది. ఇస్మత్ కాలే టీని ఒక్క గుక్కలో తాగేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, టీ వేడికే అయి ఉంటుంది. లేచి, తన సాసరు తీసుకెళ్ళి వగీహ్ కుర్చీ ముందు బల్ల మీద పెట్టి, గ్లాసు బోర్లించాడు. ఎవరివైపూ చూడకుండా షాపుకు వెళ్ళిపోయాడు.

కుర్చీలో పుస్తకం, అందులోంచి కొస తొంగిచూస్తున్న ట్రాము టికెట్టు, ఎదురుగా సాసరులో బోర్లించిన గ్లాసు, దాని అంచు చుట్టూ మెల్లగా ఊరుతున్న టీ.