దొర పెట్టెలోని గుడ్డు

మద్రాసు ఒడ్డు కనుమరుగై గంటయింది. పడవ అంచుకు వేలాడి దాసన్న మూడోసారి వాంతి చేసుకున్నాడు.

“ఏమిరా బామ్మర్దీ, నాలుగు దినాలనాటి సంగటి గూడా బయటికొస్తాండాదే!” అన్నాడు లింగన్న.

“నవ్వు బావా, నవ్వు. నీ పిట్ట కోసం నా పేగులు పోతాండాయి.”

పడవ నడిపే లాజరు కూడా నవ్వాడు. లింగన్న మాత్రం ఆకాశం మీదినుంచి చూపు తిప్పలేదు. ఆత్మకూరు మెట్టచేలల్లో మైలు దూరాన కదిలే పిట్టను పోల్చగల కళ్లవి. ఆ కళ్ల కోసమే పక్షుల పిచ్చి ఉన్న దొర బావాబామ్మర్దులను రైలెక్కించి తెచ్చాడు. పొడుగు తోక ఉన్న తెల్ల సముద్రపు పిట్టను చూపిస్తే, లింగన్న చేలో తిరిగే నడుమెత్తు బట్టమేక పిట్టను ఎవరూ వేటాడకుండా పై అధికారులతో హుకుం రాయిస్తానని మాటిచ్చాడు.

ఆ చుట్టుపక్కల మిగిలిన పెట్ట ఒక్కటే. అది ఏడాదికి పెట్టేది ఒక్కటే గుడ్డు, అదీ కటిక నేలమీద. ఈసారి అది పెట్టిన చోట లింగన్న నాలుగు సాళ్లు గుంటక తోలకుండా వదిలేశాడు. ఆ చోటు తెలిసింది తనకూ, గుంటక తోలిన దాసన్నకూ మాత్రమే. పదోనాడు గుడ్డు మాయమైంది. నక్క తినిందన్నాడు దాసన్న. లింగన్న మూడు రోజులు కాపు కాసి నక్కను కొట్టి చంపాడు. వచ్చే వానలకు పెట్ట మళ్లీ పెడుతుందన్న ఆశే అతన్ని ఈ నీళ్లమీదికి తెచ్చింది.

పక్కనే కూర్చున్న దొర పెన్సిలు కోసం రేకుపెట్టె తెరిచాడు. దూది మీద గోధుమ మచ్చల గుడ్డు!

లింగన్న చెయ్యి దానంతటదే పోయింది. గుడ్డుకు బరువే లేదు. పక్కన చిన్న బెజ్జం. లోపలిదంతా ఎప్పుడో తీసేశారు.

“జాగ్రత్త!” అన్నాడు దొర. “దాసన్న తెచ్చాడు. చాలా మంచివాడు. వచ్చే ఏటి గుడ్డు కూడా నాకే ఇస్తానన్నాడు. హుకుం వస్తే నేను తప్ప ఇంకెవరూ ముట్టరు.”

గుడ్డును తిరిగి దూదిలో పెట్టి లింగన్న బామ్మర్ది వైపు తిరిగాడు.

“నక్క తినిందంటివి గదరా?”

“ఒక్క గుడ్డే గదా బావా! నాకు అడవి గార్డు పని ఇప్పిస్తానన్న్యాడు. నువ్వు వద్దంటావని చెప్పల్యా.”

“లింగన్నా, ఏమైనా కనిపిస్తోందా?” దొర దుర్భిణీ కుడివైపుంది.

ఎడమవైపు నుంచి ఒక తెల్ల పిట్ట వస్తోంది. వెనక రిబ్బనులా పొడుగాటి ఈక.

“ఏమీ లేదు దొరా. ఒట్టి నీళ్లే.”

దాసన్న తలెత్తి మూతి తుడుచుకున్నాడు. ముందు బావ మొహంలోకి, తర్వాత ఆకాశంలోకి చూశాడు. లింగన్న అతని మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“నోరు మూసుకోరా దాసా. నీ కాళ్లు పట్టుకుంటా.”

దాసన్న చెయ్యి విదిలించుకున్నాడు.

“దొరా! అద్దో, ఎడం పక్క! తెల్లది!”

దొర గంతేసినంత పని చేశాడు. “హుకుం ఖాయం లింగన్నా! మాటంటే మాటే!”

“నాకొద్దు దొరా.”

గాలిలో ఆ మాట ఎవరికీ వినపడలేదు. లాజరు తెరచాప తిప్పి పడవను పిట్ట వెంట పరిగెత్తించాడు.