వరుసలో మొదటి నీడ

"ఇవాళ సూప్‌లో ఉప్పెక్కువేశావు" అంది అత్తగారు.

కపితోలీనా గుమ్మంలో నిలబడి ఉంది. కోటు ఇంకా విప్పలేదు. బూట్ల మీది మంచు కరిగి గోనెపట్టా మీదికి కారుతోంది. ఆ రోజు ఆమె సూప్ వండలేదు.

ఆ ఆదివారం పొద్దున పదకొండింటికి, భర్త వదీమ్ గ్యారేజీకి వెళ్లినప్పుడు, అత్తగారు అన్ఫీసా యెగోరొవ్నా స్నానం చేస్తున్నప్పుడు ఆమె ఇంట్లోంచి బయటపడింది. చక్కెర గిన్నె కింద చీటీ పెట్టింది. "బాలే మ్యాటినీకి వెళ్తున్నా. సూప్ మీరే పెట్టుకోండి. క్యాబేజీ బాల్కనీలో ఉంది." ఇరవై రెండేళ్ల కాపురంలో అడక్కుండా వెళ్లడం అదే మొదలు. తిరిగి వచ్చేటప్పుడు ట్రాములో కూర్చుని, ఇంట్లో జరగబోయే గొడవకి మూడు జవాబులు సిద్ధం చేసుకుంది. ఒక్కటీ అవసరం పడలేదు. స్టవ్ మీద గిన్నె సగం ఖాళీగా ఉంది. పళ్లాలు కడిగి, ఆమె బోర్లించినట్టే ఎడమ పక్కన బోర్లించి ఉన్నాయి. వదీమ్ చొక్కాలు ఐదూ ఇస్త్రీ అయి కుర్చీ వీపున వేలాడుతున్నాయి. చీటీ చక్కెర గిన్నె కిందే ఉంది. మడత విప్పలేదు.

"సూప్ ఎవరు చేశారు?" అని అడిగింది.

వదీమ్ పేపరు దించాడు. "అమ్మా, దీనికేదో అయింది. ఎవరు చేస్తారే, నేనా? ముందా తలుపు వెయ్యి, చలి కొడుతోంది. పొద్దున్నుంచీ ఎన్నిసార్లు లోపలికీ బయటికీ! ఇందాక టీ ఇచ్చావు, నిమ్మకాయ ముక్క మర్చిపోయావు. అడిగితే ఉలకవు, పలకవు."

వంటింట్లో మేకుకి వేలాడే ఏప్రన్ పట్టుకుని చూసింది. తడిగా ఉంది.

తనని ఆట పట్టిస్తున్నారేమో అనుకుంది. రాత్రి పడుకున్నాక మళ్లీ ఆలోచిస్తే ఆ మాట నిలబడలేదు. ఆట పట్టించాలంటే ఎవరో ఒకరు క్యాబేజీ తరగాలి, ఐదు చొక్కాలు ఇస్త్రీ చెయ్యాలి. ఒక పరిహాసం కోసం ఇంత పని చేసే మనుషులు ఆ ఇంట్లో లేరు. పెళ్లయిన కొత్తలో ఆమెకి ఫ్లూ వస్తే, మూడు రోజులు వదీమ్ రొట్టె, ఉప్పుచేప తిని గడిపాడు. నాలుగో రోజు మంచం దగ్గరికి వచ్చి, "ఇంకా ఎన్నాళ్లు?" అని అడిగాడు. అత్తగారు వెనక నుంచి, "మా రోజుల్లో నూట మూడు జ్వరంతో పొయ్యి వెలిగించేవాళ్లం" అంది. నిజమే అయి ఉంటుంది. ఆ జ్వరంలో ఆ పొయ్యి ఎవరు వెలిగించారో ఆవిడకీ గుర్తుండి ఉండదు.

కపితోలీనా పెర్మ్ నగరంలో ఒక డిజైన్ ఆఫీసులో పనిచేస్తుంది. ఇంజనీర్లు పెన్సిల్‌తో గీసిన డ్రాయింగుల మీద పల్చటి కాగితం పరిచి ఇంకుతో మళ్లీ గీయడం ఆమె పని. గీత వణికితే బ్లేడుతో గీకి మళ్లీ వెయ్యాలి. కింద మూలన పెద్ద గళ్లలో గీసినవాళ్ల పేరు, సరిచూసినవాళ్ల పేరు, ఆమోదించినవాళ్ల పేరు ఉంటాయి. నకలు తీసినవాళ్ల సంతకం ఆ గళ్ల కింద, కాగితం అంచున. ప్రింటు తీశాక అంచు కత్తిరిస్తారు. ఒకసారి సెక్షన్ అధిపతితో ఆ మాట అంటే ఆయన నవ్వి, "కాపా, బ్రిడ్జి కూలితే నిన్ను జైల్లో వెయ్యరు. అదృష్టవంతురాలివి" అన్నాడు.

బాలే నాట్యం ఆమె సొంతం. పదమూడేళ్లుగా మూడో అంతస్తులో, ఎడమ చివర, స్తంభం పక్క సీటు. ఆ సీటు నుంచి వేదిక కుడి మూల కనిపించదు కాబట్టి టికెట్ ఎప్పుడూ దొరుకుతుంది. చూసిందంతా నోటుపుస్తకంలో రాస్తుంది. "హీరో బాగా ఎగురుతాడు, దిగడమే రాదు. చప్పుడు మా అంతస్తుకి వినిపించింది." "కథానాయిక పాత్ర కొత్తమ్మాయికి ఇచ్చారు. కాళ్లు మంచివి, చెవులు లేవు. సంగీతానికి ముందు పరిగెత్తుతోంది. పాము కరిచాక, ట్రాము తప్పిపోతుందన్నట్టు గబగబా చచ్చిపోయింది." వదీమ్ ఒకసారి ఆ పుస్తకం తీసి అత్తగారికి చదివి వినిపించాడు. ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. "ఎవరడిగారే నిన్ను?" అన్నాడు. అప్పటినుంచి దాన్ని ఆఫీసు సొరుగులో పెడుతోంది.

ఆ శీతాకాలం ఆదివారం మ్యాటినీల్లో ఇండియాలోని ఒక గుడి నర్తకి కథ ఆడుతున్నారు. ఇండియా ఎలా ఉంటుందో పెర్మ్‌లో ఎవరికీ తెలియదు, అక్కర్లేదు కూడా. ఆమె చూసేది ఆఖరి అంకం. ప్రియుడు నల్లమందు తాగి, చచ్చిపోయిన పిల్లని కలగంటాడు. కలలోకి ఆమె ఒక్కతే రాదు. వెనక ఏటవాలు బల్ల మీద నుంచి తెల్ల బట్టల్లో నీడలు ఒక్కొక్కటే దిగుతాయి. ఒంటికాలి మీద ముందుకి వాలి, రెండో కాలు వెనక్కి చాచి, ఆగి, రెండడుగులు వేసి, మళ్లీ అదే. ఒక నీడ ఒకసారి వాలి జరిగితే వెనక ఇంకో నీడ. మొత్తం ఇరవై నాలుగు. చివర దిగే ఆమె పదిహేనుసార్లు వాలితే చాలు. మొదట దిగిన ఆమె అందరూ దిగేదాకా ఆపడానికి లేదు. ముప్పై ఎనిమిది. కపితోలీనా లెక్కపెట్టింది. పాత్రధారుల పేర్ల చీటీలో, పూజారి వెనక నీళ్లచెంబు పట్టుకునే నౌకరుకి కూడా పేరుంటుంది. నీడలకి ఉండదు.

ఆమె వచ్చేది ఆ మొదటి నీడ కోసమే. వయసు నలభై దాకా ఉంటుంది. ఎడమ భుజం వెంట్రుకవాసి కిందికి ఉంటుంది. కాలు గొప్ప కోసం ఎత్తదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతుంది. ఇరవయ్యోసారికి మిగతావాళ్ల పక్కటెముకలు ఎగసిపడడం బైనాక్యులర్స్‌లో కనిపిస్తుంది. ఆమెవి కదలవు. మొన్న ఆదివారం పుస్తకంలో చివరి వాక్యం ఇలా రాసింది. "నీడలు ఇరవై ఐదు లెక్కకొచ్చాయి. నేనే తప్పు లెక్కపెట్టి ఉంటాను."

తర్వాతి ఆదివారం కపితోలీనా చీటీ పెట్టలేదు. బంగాళాదుంపలు మట్టితో సహా బల్ల మీద వదిలి, ఇంట్లో పదునున్న ఒకే ఒక్క కత్తిని గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుని వెళ్లింది. మూడంకాలూ ఆ సంచి ఒళ్లో పెట్టుకుని చూసింది. మూడున్నరకి తిరిగొచ్చేసరికి బంగాళాదుంపలు వేయించడం, తినడం అయిపోయి, మూకుడు తోమి ఉంది. చెత్తబుట్టలో తొక్కలు ఉన్నాయి. పల్చగా, తెగకుండా, ఒక్కో దుంపకి ఒక్కో చుట్ట. ఆమె తప్ప ఆ ఇంట్లో అలా ఎవరూ తీయరు.

అన్ఫీసా యెగోరొవ్నా గదిలో ఊలు అల్లుకుంటోంది. కళ్లజోడు పైనుంచి చూసి, "ఈమధ్య నువ్వు బాగుపడ్డావే" అంది. "ఎదురు చెప్పడం మానేశావు. ఇందాక నీ చిన్నప్పటి మురికివాడ గురించి ఒక మాట అన్నాను చూడు. వేరే రోజైతే మూతి ముడిచేదానివి. ఇవాళ తల వంచుకుని పని చేసుకుపోయావు. ఇలా ఉండు. ఇలా ఉంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది."

"మీరు నా మొహం చూశారా అత్తయ్యా? ఇందాక?"

"నీ మొహంలో కొత్తగా చూసేదేముంది?"

ఆ వారమంతా ఆమె ఆఫీసు నుంచి నేరుగా ఇంటికే వచ్చింది. వారమంతా ఇంట్లో దెప్పిపొడుపులే. కట్‌లెట్ మాడింది, కాలరు నలిగింది, ఏమిటా చూపు. బుధవారం వదీమ్, "ఆదివారాలు బాగుంటావు, మిగతా రోజులు నీకేం రోగం?" అన్నాడు. ఆ మాటకి ఆమెకి కోపం రాలేదు. చేతుల మీద వెంట్రుకలు లేచాయి. తను ఇంట్లో లేని రోజునే తను బాగుంటోంది. ఇంకొన్నాళ్లకి ఆ ఇంటికి తను అడ్డమవుతుంది.

మూడో ఆదివారం తెర పడ్డాక ఆమె కిందికి దిగలేదు. మూడో అంతస్తులో సీట్లు చూపించే నోన్నా ల్వోవ్నా తలుపులు వేస్తోంది. ఇరవై ఏళ్లుగా అక్కడే ఉన్న మనిషి.

"నోన్నా ల్వోవ్నా, మొదట దిగే నీడ ఉంది చూడండి, ఆమె పేరేంటి?"

"వేరా. స్కూల్లోంచి మొన్న వచ్చింది. చంటిపిల్ల."

"పిల్ల కాదండీ. నలభై ఉంటాయి. ఎడమ భుజం కాస్త కిందికి."

నోన్నా ల్వోవ్నా చేతిలోని చీటీల కట్ట కుర్చీ మీద పెట్టింది. "అది రీతా షుంకొవా. పందొమ్మిదేళ్లు మొదట దిగింది. మోకాలు పోయి మానేసింది, రెండు శీతాకాలాలైంది. పిచ్చిదానా, కింద కోట్ల దగ్గర ఉంటుంది కదా! వచ్చినప్పుడల్లా నీ కోటు అందిస్తున్నది ఆవిడేనే."

కపితోలీనా కింద వరుసలో నిలబడింది. వంతు వచ్చాక నంబరు బిళ్ల ఇచ్చి, మొదటిసారి తల ఎత్తి చూసింది. ఆవిడ కుంటుతూ వెళ్లి కోటు తెచ్చింది. ఎడమ భుజం వెంట్రుకవాసి కిందికి ఉంది. కపితోలీనా పక్కకి జరిగి, జనం పోయేదాకా ఆగింది.

"మీరు ఇవాళ కూడా దిగారు" అంది. "పైన. నేను చూశాను."

రీతా షుంకొవా ఖాళీ కొక్కేల వైపు చూసింది. "ముప్పై ఎనిమిదీ చేసిందా?"

"చేసింది."

"చేస్తుంది. వేరా చెప్పింది నాకు. తన ముందు ఎవరో నడుస్తున్నట్టు ఉంటుందట, అడుగు తేలిగ్గా పడుతుందట." ఆవిడ స్టూలు మీద కూర్చుని మోకాలు చాచింది. "చివరి నాలుగేళ్లూ నేను చెయ్యలేదమ్మా. బల్ల పైన నిలబడేదాన్ని. తలలో ఏముంటుంది? వీధి చివర కొట్లో పాలు అయిపోయాయేమో, పిల్లాడికి జ్వరం తగ్గిందో లేదో. తెలివొచ్చేసరికి కింద ఉండేదాన్ని. చప్పట్లు. మరి మధ్యలో ముప్పై ఎనిమిదిసార్లు వాలింది ఎవరు? అడగలేదు నేను. పని జరిగిపోతోంది కదా అనుకున్నాను."

"తర్వాత?"

"మానేసిన రోజు సంచి పట్టుకుని మెట్లు దిగుతుంటే పైన ఆ సంగీతం మొదలైంది. వెనక్కి తిరిగి చూశాను. అది, అచ్చం నాలాగే, వరుసలో మొదట నిలబడి ఉంది, నా వంతు కోసం. నన్ను చూసింది. రమ్మని ఒక్క మాట అంటే వచ్చేసేదే. నేననలేదు. నాకు ఇంటికి పోవాలని తొందర." మోకాలు నిమురుకుంది. "దానికి మోకాలు నొప్పి రాదు. ఇక చాలు అని ఎవరూ చెప్పరు. నేనొక్కదాన్నే వచ్చేశాను. అదీ నేను చేసిన తప్పు." తర్వాత కపితోలీనా మొహంలోకి చూసింది. "అందరికీ అది కనబడదు. నీకెలా కనబడింది?"

కపితోలీనా కోటు బొత్తాలు పెట్టుకుంది.

ఇంటి ముందు ఆవరణలో ఆగింది. చీకటి పడుతోంది. మొదటి అంతస్తులో వంటింటి దీపం వెలుగుతోంది. కిటికీలో తన ఏప్రన్ వేసుకున్న వీపు కనిపించింది. భుజాలు ముందుకీ వెనక్కీ కదులుతున్నాయి. పెల్మేని అనే మాంసం కుడుములకి పిండి ఒత్తుతోంది.

కుంగూర్‌లో అక్క ఉంది. రైల్లో రెండు గంటల దారి. ఇప్పుడు వెనక్కి తిరిగి వెళ్లిపోతే ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. గొడవ ఉండదు, కోర్టు ఉండదు, ఎక్కడికి పోయావని ఎవరూ వెతకరు. వదీమ్ చొక్కాలు ఇస్త్రీ అవుతాయి. ముసలావిడ అనే మాటలు పడే మనిషి ఒకరు ఉంటారు, మూతి కూడా ముడవకుండా. రేపు, ఎల్లుండి, ఇంకో ఇరవై ఏళ్లు. ఇంత తేలిగ్గా విడుదల దొరికిన ఆడది ఊళ్లో ఇంకొకతె ఉండదు. ఆమె రెండడుగులు గేటు వైపు వేసింది కూడా. మళ్లీ ఒకసారి కిటికీ వైపు చూసింది. ఆ చేతులు అప్పడాల కర్ర ఆపి, మణికట్టుతో నుదుటి మీది వెంట్రుకలు తోసుకుని, మళ్లీ కర్ర పట్టుకున్నాయి. రోజుకి ఎన్నిసార్లు తను చేసే పని అది! దాన్ని బయట నుంచి ఎప్పుడూ చూడలేదు. అది అలసిపోయి ఉంది. తన మొహం ఏనాడూ చూడని ఆ ఇద్దరిలాగే తనూ ఇన్ని ఆదివారాలు దాని మొహం చూడకుండా దాని చేత పని చేయించుకుంది.

మెట్లెక్కి, తాళం తీసి, బూట్లు విప్పకుండానే వంటింట్లోకి వెళ్లింది. బల్ల మీద పిండి చల్లి ఉంది. పెల్మేని వరసలు వరసలుగా ఉన్నాయి. ఆ మనిషి తిరిగి చూడలేదు. గది నుంచి వదీమ్ గొంతు వినిపించింది. "ఉల్లిపాయ ఎక్కువ వెయ్యకు. పోయినసారి కడుపు మండింది."

కపితోలీనా వెనక నిలబడి ఏప్రన్ ముడి విప్పింది. అది తను వేసే ముడే. ఏప్రన్ జారింది. చేతులు ఇంకో రెండుసార్లు గాలిలో పిండి ఒత్తి, ఆగాయి.

"చాలు" అంది చిన్నగా. "రా, పోదాం."

పాత కోటు మేకు నుంచి తీసి దాని భుజాల మీద వేసింది. చేతులు తొడిగించింది. వేళ్లు చల్లగా, పిండి పిండిగా ఉన్నాయి. తలకి శాలువా చుట్టేటప్పుడు మొదటిసారి దాని మొహంలోకి చూసింది. ఎంత సేపు చూసిందో ఆమెకి తెలియదు. స్టవ్ ఆపింది. తలుపు దగ్గరికి వేసి, మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపడం మొదలుపెట్టింది.

సగం మెట్లు దిగేసరికి పైన కుర్చీ జరిగిన చప్పుడైంది. చెప్పులు ఈడ్చుకుంటూ ఎవరో నడిచారు. ఆగారు.

"కాపా?" అన్నాడు వదీమ్. మళ్లీ కాసేపటికి, గొంతు మారి, "వంటింట్లో ఎవరు?"

ఇరవై రెండేళ్లలో అతను ఆ మాట అడగడం అదే మొదలు. జవాబు చెప్పడానికి వంటింట్లో ఎవరూ లేరు.