రేపటికి మేత లేదు

ఇంగ్లీషు సార్ మోజెస్ గారు ప్రేయర్‌లో రోజుకొకరి చేత ఒక కొత్త మాట చెప్పిస్తారు. అర్థం చెప్పాలి, గైడులోది కాకుండా సొంతంగా ఒక వాక్యం చెప్పాలి. నాకు వచ్చిన మాట ‘డెన్యూడ్’. చెట్టుకు ఆకు, గుట్టకు గడ్డి, ఏదైనా పైనున్నదంతా పోగొట్టి బోడి చేయడం. మామూలుగా మాట్లాడేటప్పుడు ఎవరూ వాడరనీ, పేపర్లలో, భూగోళం పుస్తకాల్లో కనిపిస్తుందనీ సార్ చెప్పారు.

ఆ వారమే మా పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచాయి. జ్వరమంటే తిండి మాని పొర విడవడం. లేచాక వాటి ఆకలికి అంతుండదు. నాన్న ఈసారి తోట చూసుకోకుండా గుడ్లు ఎక్కువ తెచ్చాడు. గూళ్లు కట్టడానికి ఇంకా రెండు రోజులుందనగా మా మల్బరీ తోటలో ఒట్టి పుల్లలు మిగిలాయి. ఆకు దొరక్కపోతే పంట మొత్తం పోతుంది.

“రెడ్డెమ్మ తోటలో ఆకు అట్నే ఉండాది. పోయి అడగప్పా,” అంది అమ్మ.

“ఆయమ్మ పురుగులన్నీ ఎండకు సచ్చి, దిబ్బలో పారేసి వారం కాలేదు. మా పురుగులు బాగుండాయి, ఆకియ్యి అని యా మొగం పెట్టుకోని అడిగేది?” అన్నాడు నాన్న.

రెడ్డెమ్మత్త కూతురు ఉషారాణి నా క్లాసే. పొద్దున బడికి నడిచేటప్పుడు దారంతా అడగాలనుకున్నాను. నోరు రాలేదు.

ప్రేయర్‌లో నా పేరు పిలిచారు. నేను రాసుకున్న వాక్యం హార్స్లీ హిల్స్ చెట్ల గురించి. అందరి ముందు నిలబడేసరికి అందులో ఒక్క ముక్క గుర్తు రాలేదు. మనసులో ఉన్నదే ఇంగ్లీషులో వచ్చేసింది. మా పురుగులు మా తోటను డెన్యూడ్ చేశాయి. రేపటికి మేత లేదు.

“ఇడ్లీలు పెట్టు మే!” అన్నారెవరో వెనక వరసలో. అందరూ నవ్వారు.

ఉషారాణి నవ్వలేదు. లైన్ కదలగానే నా చెయ్యి గిల్లింది. “యాల సెప్పలేదు మే? మాయమ్మ ఆ ఆకు సూసినప్పుడల్లా ఏడస్తాండాది. మేకలకేసేదానికి మనసొప్పడంలే.”

సాయంత్రం ఆ మాట చెప్పి నాన్నను తీసుకెళ్లేసరికి రెడ్డెమ్మత్త కొడవలి పట్టుకుని తోటలోనే ఉంది. నాన్న తల దించుకున్నాడు.

“ఏమప్పా, నీకు నోరు లేదని బిడ్డకు ఇంగ్లీషు నేర్పిస్తాండావా? ఎత్తు మోపు,” అంది.

రెండు రోజుల్లో ఆ తోట కూడా బోడి అయింది. మా పురుగులు పండి, గూళ్లు కట్టే వెదురు చంద్రికలు ఎక్కాయి.

ప్రేయర్‌లో చెప్పిన రెండు వాక్యాలూ నోటుబుక్కులో రాసి చూపిస్తే మోజెస్ సార్, “మొదటి వాక్యం చాలమ్మా. రెండోదాంట్లో మన మాట లేదు కదా, కొట్టేయ్,” అన్నారు.

సరే సార్ అన్నాను. కొట్టేయలేదు.