పదమూడో నంబరు గొంతు

శోభ నోరు తెరిచింది. రాక్షసుడి గొంతు వచ్చింది.

"ల్యాంపు పట్టుక పోయినోడా... ల్యాంపొక్కటే మళ్లొచ్చెనా..."

గనిలో పైకప్పు కూలి భర్తను పోగొట్టుకున్న ఆడమనిషి పాట అది. శోభ సొంతంగా కట్టుకుంది. రెండేళ్ల కిందట ఆమె భర్త రాజం అలాగే పోయాడు. ఆ పాట ఇప్పుడు స్పీకర్లలోంచి, ఎవరో బొగ్గుబాయి అడుగున కూర్చుని గుర్రుమంటున్నట్టు వస్తోంది.

గోదావరిఖని గ్రౌండులో రెండు వేల మంది ఒక్క క్షణం బిత్తరపోయారు. ఆ తర్వాత విరగబడి నవ్వారు.

స్టేజీ పక్కన మిక్సర్ ముందు కూర్చున్న ఉపేందర్‌కు డిసెంబరు నెలలో చెమటలు పట్టాయి. శోభది రెండో నంబరు వైర్‌లెస్ మైకు. రెండో నంబరు మీట కిందికి లాగాడు. గొంతు తగ్గలేదు. సున్నాకు దించాడు. రాక్షసుడు ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు.

"ఓరి నీ! మైకు బందు చేసినంక గూడ ఎట్ల మొత్తుకుంటున్నవే?" అని మిక్సర్‌ను తిట్టి, మెయిన్ మీట పట్టి లాగేశాడు. గ్రౌండంతా మూగబోయింది. నవ్వులు మాత్రం ఆగలేదు. శోభ చేతిలోని మైకును కుర్చీ మీద పడేసి స్టేజీ దిగిపోయింది.

బొగ్గు కంపెనీ గనుల రక్షణ వారోత్సవాల్లో అది చివరి రోజు. ఒక్కో ఏరియా ఒక్కో నాటకం వేయాలి. రామగుండం వాళ్ల నాటకంలో ముందు శోభ పాట, ఆ వెంటనే ప్రమాద భూతం ప్రవేశం. ఆ భూతం కోసమే ఉపేందర్ హైదరాబాదు పోయి ఒక సెకండ్‌హ్యాండ్ పెట్టె తెచ్చాడు. మైకుకూ మిక్సర్‌కూ మధ్య దాన్ని పెడితే పాడేవాడి గొంతు మారిపోతుంది. లోపల వంద రెడీమేడ్ గొంతులు, ఒక్కోదానికి ఒక్కో నంబరు. ఏడు నొక్కితే నాసిరకం మైకు కూడా సినిమా స్టూడియో మైకులా పలుకుతుంది. పదమూడు ఉపేందర్ స్వయంగా తయారు చేసుకున్నది: గొంతు పాతాళానికి దిగుతుంది, మైకు ఏ కాలం నాటిదో అన్నట్టు గరగరలాడుతుంది.

రిహార్సల్లో శోభకు ఏడో నంబరు పెడతానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. అందుకే ఒకటో నంబరు మైకు ఒక్కటే పెట్టెలోంచి పోతుంది, అది భూతానికి. రెండోది నేరుగా మిక్సర్‌లోకి, అది శోభకు. ఇందులో తికమక ఎక్కడుంది?

"ఏమిటయ్యా ఈ అఘాయిత్యం?" రక్షణాధికారి భీమశంకరం పరుగున వచ్చాడు. ఉదయం రెండున్నర గంటలు ఉపన్యాసం చెప్పి గొంతు బొంగురుపోయింది. "జడ్జీలు కూడా నవ్వారు! గోలేటి ఏరియా వాళ్లను ముందు ఎక్కిస్తున్నాను. స్టాండు మైకుల్లో పావుగంట ఆడతారు. ఈలోగా నీ పెట్టె సంగతి తేల్చు. లేదంటే రామగుండం పేరు కొట్టేస్తాను."

"తేలుస్త సార్."

"ఏం తేలుస్తావో!"

ఉపేందర్ పెట్టె చూశాడు. ఎర్రటి అంకెల్లో పదమూడు. సరిగానే ఉంది. వెనక మైకుల రిసీవర్ల వైర్లు చూశాడు. ఒకటోది పెట్టెలోకి, రెండోది మిక్సర్‌లోకి. అదీ సరిగానే ఉంది. పెట్టెతో వచ్చిన ఎనభై పేజీల ఇంగ్లీషు పుస్తకం తిరగేశాడు. సమస్య తీరకపోతే డీలరును కలవమని ఉంది. ఆ డీలరు దుకాణం ఎత్తేసి దుబాయి పోయి నెలయింది.

"బిడ్డా, చాయ తాగు." తండ్రి సదయ్య గ్లాసు చాచాడు.

"బాపూ, ఇప్పుడు చాయనా? జర ఆగు!"

సదయ్య ముప్పై ఒక్క ఏళ్లు ల్యాంపు రూములో పనిచేసి రిటైరైన మనిషి. బాయి దిగేవాళ్లకు తలల్యాంపులు ఇవ్వడం, పైకొచ్చాక తీసుకుని చార్జింగు పెట్టడం ఆయన పని. ఇప్పుడు కొడుకు మైకులు తుడిచి, పాడేవాళ్లకు అందిస్తాడు. తన చేత్తో ఇచ్చిన ల్యాంపు ఒక్కటి కూడా చీకట్లో ఆరిపోలేదని, అడిగినా అడగకపోయినా చెబుతాడు.

స్టేజీ వెనక రామగుండం జట్టు భూపాల్ కాలరు పట్టుకుంది. భూతం వేషం అతనిదే. ముఖానికి మసి, నెత్తిన అట్ట కొమ్ములు.

"వీని భార్య దీపకు ఆ పాట ఇయ్యలేదని కడుపుమంట! వీడే మిషిన్‌ను ఏదో చేసిండు!"

"నాకేం తెల్వదన్నా! కొమ్ములు ఊడుతయ్, ఇడువున్రి!"

శోభ మెట్ల మీద కూర్చుంది. ఏడవడం లేదు. అది ఇంకా భయంగా ఉంది.

"ఉపేందర్, నా గొంతు మీద మిషిన్ పెట్టద్దని చెప్పిన్నా లేదా?"

"పెట్టలే అక్కా. ఒట్టు."

"మరి అది ఎవ్వని గొంతు? ఆయన పాటకు నవ్విన్రు. మా అత్తమ్మ ముందర కూసున్నది. ఆమె ఇన్నది." శోభ లేచింది. "ఎవలు చేసిన్రో మైకుల చెప్పాలె. నవ్వినోళ్లందరు ఇనాలె. గప్పుడే ఎక్కుత. లేకుంటే ఇగ నేను పాడ, గంతే."

"బిడ్డా, చల్లారిపోతది..." వెనక నుంచి సదయ్య.

"బాపూ! నీకు దండం పెడుత, ఆ చాయ పారబొయ్యి!"

ఉపేందర్ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. "భూపాల్, నీ మైకుల ఏదన్న అను."

"ఏమనాలె?"

"ఏదైనా!"

"నేను ప్రమాద భూతాన్ని. నిర్లక్ష్యం నా తిండి," అన్నాడు భూపాల్ దిగాలుగా.

భూతం గొంతు రాలేదు. భూపాల్ సొంత గొంతే వచ్చింది, జలుబుతో సహా. అదీ రెండో నంబరు లైనులో.

ఉపేందర్ హెడ్‌ఫోన్లు విసిరేసి మైకు లాక్కున్నాడు. తిరగేశాడు. అడుగున నల్లటి టేపు మీద తెల్లగా 2. కుర్చీ మీద శోభ పడేసిన మైకు తెప్పించాడు. దాని అడుగున 1. పాడేవాళ్ల అరచేతిలో దాగే ఆ అంకె కోసం తను పావుగంటగా వైర్లు పీకుతున్నాడు!

"ఈ మైకు నీకు ఎవలిచ్చిన్రు?"

"కాక ఇచ్చిండు," అన్నాడు భూపాల్. "ఇయ్యాల అందరికి ఆయనే ఇస్తుండు గదా."

ఉపేందర్ నెమ్మదిగా తిరిగాడు. చాయ గ్లాసుతో సదయ్య అక్కడే ఉన్నాడు.

"బాపూ, నంబరు చూసియ్యలేదా?"

"ఎందుకు చూడలే? చూసిన. రెండోదాన్ల పొద్దటి సంది ఆ సారు ఉపన్యాసమే నడిచె. బ్యాటరీ ఎర్ర బుగ్గ కొట్టుకుంటున్నది. ఒకటోది ఫుల్లున్నది. ముందు దిగేటోళ్లకు ఫుల్లు చార్జిదే ఇయ్యాలె." గొంతు తగ్గించాడు. "రాజంకు పదేండ్లు ఈ చేతులతోనే ఇచ్చిన. వాని పెండ్లానికి సగం ల్యాంపు ఎట్లిస్త బిడ్డా?"

మైకు అనలేదు. ల్యాంపు అన్నాడు.

"ఎందుకడుగుతున్నవ్? ఏమన్న తప్పయిందా?"

ఉపేందర్‌కు అరవాలనిపించింది, నెత్తి కొట్టుకోవాలనిపించింది. మూడు వారాలు పెట్టెకు నేర్పాడు, భూపాల్‌కు నేర్పాడు, జట్టంతటికీ నేర్పాడు. రిహార్సల్లో మైకులు తనే అందించాడు; ఒకటో మైకు భూతానిదని ఈ ఒక్క మనిషికి చెప్పడం మరిచాడు. ల్యాంపు రూము సదయ్యకు చేతికివ్వడం నేర్పేదేముందనుకున్నాడు.

స్టేజీ మీద గోలేటి వాళ్లకు చప్పట్లు పడ్డాయి. భీమశంకరం తెర పక్క నుంచి తొంగిచూశాడు.

"దొరికిందా? వైరు ఊడిందని చెప్పి ముగించెయ్యవయ్యా!"

మంచి మాటే. వైరుకు పరువు లేదు, ఎవరి తండ్రీ కాదు. కానీ జట్టువాడి గుప్పిట్లో భూపాల్ కాలరు ఇంకా నలుగుతోంది. వైరంటే ఎవరు నమ్ముతారు? మెట్ల దగ్గర శోభ ఉపేందర్ ముఖంలోకే చూస్తోంది. ఆమెకు వైరు అక్కర్లేదు, పేరు కావాలి.

రెండో నంబరు మైకులో కొత్త బ్యాటరీలు వేసి, దాని మీట మళ్లీ పైకి నెట్టాడు. టేపు మీద అంకె ఒకసారి చూశాడు. నమ్మకం చాలక మళ్లీ చూశాడు. మెట్లెక్కాడు. ముందు వరుసలో ఎవరో అప్పుడే భూతంలా గుర్రుమని వెక్కిరించారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"నవ్వింది చాలు, ఇనున్రి," అన్నాడు ఉపేందర్. అతని గొంతు అతనిదిగానే గ్రౌండంతా వినిపించింది. "శోభక్క గొంతు అట్ల రాలే. భూపాల్ తప్పు లేదు, మిషిన్ తప్పు లేదు. మైకులు మారినయ్."

తెర పక్కన సదయ్య గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. కొడుకు రెండు వేల మంది ముందు ఎంత బాగా మాట్లాడుతున్నాడో అన్నట్టు చూస్తున్నాడు.

"ఎవడు మార్చిండు?" గ్రౌండులోంచి కేక వచ్చింది.

ఉపేందర్ మైకును నోటికి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"మా బాపు," అన్నాడు. "ల్యాంపు రూము సదయ్య."