మళ్ళీ తిరిగిన సున్నం గానుగ

నేనొక గానుగ రాయిని. నూనె గానుగ అనుకునేరు, నాది సున్నం గానుగ. గుండ్రటి కాలువలో ఎద్దు నన్ను లాగుతుంటే సున్నమూ ఇసుకా వెన్నలా నలిగేవి.

స్వాతంత్ర్యం వచ్చిన పదేళ్ళకి ఇక్కడ లేచిన వ్యవసాయ పాఠశాల గోడలన్నిటికీ సున్నం నూరింది నేనే. మూడు వైపులా బారు గదులు, నాలుగో వైపు కళ్ళం. వరండాలో పాఠం వింటూనే కుర్రాళ్ళు నూర్పిడి చూడాలని అలా కట్టారు. తూర్పు చివర విత్తనాల గది. మూరన్నర మందం గోడలు, చూరు కింద వరుసగా గాలి కన్నాలు. మే నెలలోనూ లోపల అడుగుపెడితే ఒళ్ళు చల్లబడేది.

పని అయిపోగానే నన్ను గేటు పక్కకి దొర్లించారు. నామీద కూర్చుని కుర్రాళ్ళు నేల సారం గురించి బట్టీపట్టేవారు. ఏటా జనవరిలో నాకు వెల్ల వేసేవారు, బజార్లో కొన్న సున్నంతో! కొన్నేళ్ళకి అందం కోసమని గోడలన్నిటికీ సిమెంటు పూత పూసి, ఆ మరుసటి ఏడే బడిని పట్నానికి తరలించారు. నేను సగం మట్టిలో కూరుకుపోయాను.

పదిహేనేళ్ళ తర్వాత ఎనిమిది ఊళ్ళ ఆడవాళ్ళు వచ్చారు. రేకుల షెడ్డులో దాచిన చోడి, అంటే రాగి, సామ విత్తనాలు వేడికి చచ్చి రెండేళ్ళుగా మొలకెత్తడం లేదు. ఆ చల్లటి గది తమకి కావాలన్నారు. గది చూడ్డానికి వచ్చిన సర్కారు ఇంజనీరు చక్రధరరావు గోడని గోటితో గీకాడు. పూత పెచ్చుగా ఊడి తడి ఇటుక బయటపడింది.

"పడగొట్టాల్సిందేనమ్మా."

సన్యాసమ్మ ముందుకొచ్చింది. ఒకప్పుడు నన్ను నడిపించిన అప్పలకొండ మేస్త్రి కూతురు, తనూ తాపీ పట్టిన మనిషి.

"గోడకి రోగం నేదు బాబూ. మీరు తొడిగిన సిమెంటు సొక్కాయే రోగం. సెమట బయటికి పోనేదు."

"నేను చదివింది సిమెంటు గురించేనమ్మా!"

"సదివినోడివి గాబట్టే సెప్తన్నాను. సదవనోడికి సెప్పక్కర్నేదు."

అందరూ నవ్వారు. ఆయనకీ నవ్వాగలేదు. "సరే, విత్తనాల గది ఒక్కటీ చేసి చూపించు. వానలు వెళ్ళాక తడి కనిపిస్తే మొత్తం పడగొట్టిస్తాను."

నన్ను తవ్వి తీశారు. చెదలు తిన్న ఇరుసుకి బదులు చింతకొయ్య బిగించి, పాత కాలువలో నిలబెట్టారు. దుక్కుల రోజులు, ఎద్దులు ఖాళీ లేవు. ఆడవాళ్ళే వంతులు వేసుకుని తోశారు. "ఓలే గౌరీ, మొగుడి మీద కోపవంతా ఇక్కడ సూపించే!" అని ఒకటే వేళాకోళం. సున్నం గట్టిగా పట్టాలని కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోశారు. సన్యాసమ్మ ముద్ద తీసి గోటి మీద రాసి చూసేది. ఒక్క రేణువు గరగరలాడినా, "మళ్ళీ తిప్పండే!" పాత పూత రాల్చి కొత్తది పూశారు.

ఆ ఏడు తుఫాను కూడా వచ్చి వెళ్ళింది. కార్తీకంలో ఇంజనీరు వచ్చాడు. ముందు పక్క గది సిమెంటు గోడ ముట్టుకుంటే అరచేయి తడిసింది. విత్తనాల గదిలోకి వెళ్ళి గోడకి చెయ్యి ఆనించాడు. నమ్మకం కుదరక చెంప ఆనించాడు. పొడిగా, చల్లగా ఉంది. సన్యాసమ్మ వైపు తిరిగాడు.

"మిగతా గదులకి ఎన్నాళ్ళు పడుతుందమ్మా?"

నన్ను అరుగెక్కించి, చుట్టూ కంచె కట్టి, రంగు వేయిస్తానని కూడా అన్నాడు.

"పనిలో ఉన్నదాన్ని బొమ్మని సేత్తారేటి బాబూ?" అంది సన్యాసమ్మ. "కొయ్య పట్టండే!"

ఇప్పుడు రెండో బారు గదుల పని నడుస్తోంది. చల్లటి గదిలో చోళ్ళు హాయిగా నిద్రపోతున్నాయి. నాకే తీరిక లేదు.