రెండో సిలిండరు, మూడో సిలిండరు

పాత ఇనుము కొనే ఆయన కారు కోసం లారీ పంపిస్తానన్నది సాయంత్రం నాలుగింటికి. పన్నెండు కాకముందే అమ్మ కాలు కాలిన పిల్లిలా వరండాకీ షెడ్డుకీ మధ్య తిరుగుతోంది.

ఆమె నలభై ఏళ్లు మంత్రసాని పని చేసింది. ఏ వేళ పిలుపొచ్చినా షెడ్డులో ఉన్న ఆ పాత కారులోనే వెళ్లేది. ఏడాదిన్నర కింద దాని ఇంజిన్ పోయిందని కొడుకు చెప్పాడు. వయసైపోయింది, ఇక బాగుపడదని ఒక్క ముక్కలో తేల్చేశాడు. అతను మెకానిక్. కాదనడానికి ఇంట్లో ఎవరికీ ఇంజిన్ సంగతులు తెలియవు. అప్పటినుంచి అమ్మ గడప దాటడం మానేసింది. ఒకరు తీసుకెళ్తే వెళ్లే మనిషి కాదు.

కూతురు లైబ్రరీలో పనిచేస్తుంది. పక్కన పడేసిన పుస్తకాల్లో పోయిన వారం ఆమెకు పాత కార్ల రిపేరు పుస్తకం ఒకటి దొరికింది. ఇంజిన్ సిలిండర్లలో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో కొలిస్తే, ఇంజిన్‌లో ప్రాణం ఉన్నదీ లేనిదీ తెలుస్తుందట. అన్నయ్య అలా కొలిచినట్టు ఆమెకు గుర్తులేదు. ఆ అనుమానం వారం రోజులు పంటి కింద రాయిలా ఉండిపోయింది. చివరికి ఆ ఉదయం పక్కింటి డ్రైవరు దగ్గర ఆ ఒత్తిడి కొలిచే గేజీ, ఛార్జి చేసిన బ్యాటరీ అడిగి తెచ్చుకుంది.

ఇంజిన్ స్టార్టవకుండా కాయిల్ వైరు పీకింది. ప్లగ్గుల వైర్లకు లైబ్రరీ అలవాటు కొద్దీ నంబర్లు రాసిన చీటీలు అంటించి, నాలుగు ప్లగ్గులూ విప్పింది. మూడోది బిగుసుకుపోయి అరగంట తిన్నది. మొదటి రంధ్రంలో గేజీ బిగించి, లోపలికెళ్లి తాళం తిప్పి, పరుగున వచ్చి చూసింది. తొంభై. నూట ముప్ఫైకి తగ్గకూడదని పుస్తకం. మళ్లీ తిప్పింది. మళ్లీ తొంభయ్యే. అన్నయ్య మాటే నిజమేమో అనుకుంది. చేతులు తుడుచుకుని ఆ పేజీ మళ్లీ చదివితే, హడావుడిలో దాటేసిన వాక్యం కనిపించింది. తాళం తిప్పేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచాలి. లేకపోతే ఇంజిన్‌కి సరిపడా గాలి అందదు.

అమ్మని సాయం అడిగింది. అమ్మ అప్పటికే డ్రైవరు సీట్లో కూర్చుంది.

"మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి కదే. చెప్పు, ఎంతసేపు తొక్కాలి?"

ఈసారి మొదటి సిలిండరు నూట నలభై. కూతురికి చెమటలో కూడా నవ్వొచ్చింది. రెండోది యాభై అయిదు. మూడోది యాభై. నాలుగోది నూట ముప్ఫై ఎనిమిది. రెండు, మూడుల్లో చెంచాడు చొప్పున ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిచింది. వయసుకి పిస్టన్ రింగులు అరిగి ఉంటే, ఆయిల్ పడ్డాక గేజీ ముల్లు బాగా పైకెక్కాలి. ఎక్కలేదు. పుస్తకంలో వేలు పెట్టి, పక్కపక్కన రెండు సిలిండర్లు ఇలా పడిపోతే వాటి మధ్య గాలి కారకుండా ఆపే గ్యాస్కెట్ రేకు కాలిపోయి ఉంటుందని పైకి చదివింది. నీళ్లు లేకుండా నడిపి ఇంజిన్ వేడెక్కిస్తే ఎక్కువగా ఇలా జరుగుతుందట.

అమ్మ స్టీరింగ్ మీద నుంచి చేతులు తీయలేదు. తన చేతిలో ఆ బండి ఏనాడూ వేడెక్కలేదంది. నీళ్లు చూడకుండా ఒక్కరోజు కూడా బయటికి తీయలేదంది. ఆఖరిసారి నడిపిందెవరో ఇద్దరికీ తెలుసు.

మూడున్నరకి అన్నయ్య వచ్చాడు, బండిని లారీ ఎక్కించడానికి తాడు పట్టుకుని. విప్పిన ప్లగ్గులు, గేజీ, చీటీలు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. చెల్లెలు నాలుగు అంకెలూ చెప్పింది. మెకానిక్‌కి అంతకంటే చెప్పక్కర్లేదు.

అతను తాడు కింద పడేసి, మింగలేక కక్కలేక, మూడో ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాడు.

"రేడియేటర్ కారుతోందని ఆ రోజే చూశానమ్మా," అన్నాడు చివరికి. "అత్తగారి వాళ్లు బండిలో ఉన్నారు. మధ్యలో ఆపితే మెకానిక్ అయ్యుండి ఇదేంటంటారని ఆపలేదు. వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది, అయినా నడిపాను. ఇంటికొచ్చాక వయసు మీద తోసేశాను."

"వయసు దానిదా, నాదా?" అంది అమ్మ.

అతను ప్లగ్గు కింద పెట్టేశాడు.

"నేను ఏడాదిన్నర ఇంట్లో కూర్చున్నాను రా. నా కళ్లూ చేతులూ కూడా అయిపోయాయేమో అనుకుని కూర్చున్నాను."

లారీ హారన్ వినిపించింది. చెల్లెలు వెళ్లి, బండి అమ్మట్లేదని చెప్పి డ్రైవర్ని పంపించేసింది. తిరిగొచ్చేసరికి అన్నయ్య చొక్కా చేతులు మడిచి ఇంజిన్ మీదికి వంగి ఉన్నాడు.

ఇంజిన్ పైన ఉండే హెడ్డు విప్పడానికి ఒక ఆదివారం, వేడికి వచ్చిన దాని వంకర తీయించి రేడియేటర్ అతికించడానికి వారం, కొత్త గ్యాస్కెట్ వేసి బిగించడానికి ఇంకో ఆదివారం పట్టింది. ఆ రోజులన్నీ అమ్మ అతనికి టీ ఇచ్చింది కానీ అతనితో మాట్లాడలేదు. ఆఖరి రోజు చెల్లెలే మళ్లీ కొలిచింది. నాలుగూ నూట ముప్ఫై అయిదు దాటాయి. అన్నయ్య ఆ అంకెలు తన చెయ్యి మీద రాసుకున్నాడు.

ప్లగ్గులు బిగించి వైర్లు కలిపాక బండి స్టార్టయింది. అమ్మ ముందు రేడియేటర్‌లో నీళ్లు చూసుకుంది. తర్వాత ఎక్కి, తలుపు వేసుకుంది. ఎక్కడికని కొడుకు అడిగితే, కిటికీ అద్దం సగం దించింది.

"ఊరికే," అంది. "నువ్వు భోంచేసి వెళ్లు."

బండి సందు మలుపు తిరిగి కనిపించకుండా పోయింది. అన్నాచెల్లెళ్లిద్దరూ మసి చేతులతో గేటు దగ్గరే నిలబడి, ఆ ఇంజిన్ చప్పుడు ఏ వైపు వెళ్తోందోనని చెవులు రిక్కించారు.